అంగిట్లో తెల్లమచ్చ: ముక్క తియ్యకుండా గాజు తీగతో చెప్పేస్తారంట, నిజమేనా?

వంశధార_తీరం · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మకి అరవై ఎనిమిదేళ్లు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్క ఊరు. పెళ్లి కాకముందు నుంచీ అడ్డపొగ అలవాటు. తెలీనోళ్ల కోసం చెప్తున్నా: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకుని పీలుస్తారు. మావైపు ముసలోళ్లలో ఆడాళ్లే ఎక్కువ. ఇప్పుడు అంగిట్లో తెల్లగా, మందంగా ఒక మచ్చ, దాని మధ్యలో ఎర్రగా ఒరుసుకుపోయినట్టు ఉంది. విశాఖలో డాక్టరుగారు చూసి, ముక్క తీసి పరీక్షకి పంపాలన్నారు. పెద్దమ్మ ససేమిరా అంటోంది. "కత్తి తగిల్తే అది ఒళ్లంతా పాకిపోద్ది, నాను సేయించుకోను" అని కూకుంది.

నిన్న మా బావమరిది ఒక వీడియో పంపాడు. వెంట్రుకంత గాజు తీగ ఆనిస్తే చాలు, కణితో కాదో క్షణంలో చెప్పేస్తదట. కొయ్యక్కర్లేదు, కుట్టక్కర్లేదు. ఇది ఎక్కడ చేస్తున్నారు? ఎంతవుద్ది? ముంబయి అయినా తీసుకెళ్తాం.

గాజుపోగు · సోమవారం రాత్రి 10:25

వీడియోలో ఉన్నది అబద్ధం కాదండీ. కానీ మీ పెద్దమ్మగారికి ఇప్పుడు కావలసిన పని అది చెయ్యదు. ఆ మాట ముందే చెప్పేసి మిగతాది మాట్లాడతాను. నేను పీహెచ్‌డీ చేస్తున్నది ఇందులోనే, కాబట్టి కిట్టక చెబుతున్నానని అనుకోకండి.

మన ఇళ్లకు ఇంటర్నెట్ తెచ్చే ఆప్టికల్ ఫైబర్‌కి ఇది సొంత చెల్లెలు. గాజు మందం చాలావాటిలో 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అలాంటి పోగులు కొన్నిటిని ఒక సన్నటి గొట్టంలో చేర్చి, కొసను కండకు ఆనిస్తారు. ఒక పోగు వెలుగును లోపలికి పంపుతుంది, చుట్టూ ఉన్నవి తిరిగొచ్చిన వెలుగును ఏరుకుని స్పెక్ట్రోమీటరుకు (వెలుగును రంగులుగా విడదీసి కొలిచే యంత్రానికి) చేరవేస్తాయి. పంపిన వెలుగుకూ వచ్చిన వెలుగుకూ ఉన్న తేడాలోనే కబురంతా ఉంటుంది. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్ 542, 577 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగును మింగుతుంది. కొవ్వు 1200 ప్రాంతంలో, నీరు 1450 ప్రాంతంలో. రొమ్ములో మామూలు కండ చాలావరకు కొవ్వే. గడ్డలో కొవ్వు తగ్గి నీటి పాలు పెరుగుతుంది. ఆ రెంటినీ పోల్చితే సూది మొన కొవ్వులో ఉందా, గడ్డలో దిగిందా అన్నది తెలుస్తుంది.

మొన ఎక్కడుంటే అక్కడి సంగతే చెబుతుంది, గుర్తుంచుకోండి. లోతుకి ఒక మిల్లీమీటరు, మహా అయితే కొన్ని మిల్లీమీటర్లు. స్కానింగులా ఒళ్లంతా గాలించి పెట్టదు. గడ్డ ఎక్కడుందో ముందే తెలిసినవాళ్ల చేతిలోనే దానికి విలువ.

స్ప్లైసర్_సమ్మయ్య · సోమవారం రాత్రి 10:52

అన్నా నాది కరీంనగర్. ఫైబర్ జాయింట్లు కొడ్త, పన్నెండేండ్ల సంది గిదే పని. దవాఖాన ముచ్చట నాకు దెల్వది గని ఒక్కటి అడుగుత. మా ఓటీడీఆర్ మిషిను ఒక్క దిక్కుకెళ్లి వెలుగు కొట్టి, వాపసొచ్చినదాన్ని వట్టి, గిన్ని మీటర్ల కాడ తెగిందని జెప్తది. తవ్వే పనిలేదు. గిది గూడ గసొంటిదేనా?

ఉల్లిపాయ_పకోడీ · సోమవారం రాత్రి 10:58

సమ్మయ్యన్నా, రేపట్నుంచి ఆపరేషన్ థియేటర్ ముందు కూడా మాన్‌హోల్ బోర్డు పెట్టాలి.

గాజుపోగు · సోమవారం రాత్రి 11:20

పకోడీ నవ్వించాడు గానీ, సమ్మయ్యగారు సరిగ్గా మూలం మీదే వేలు పెట్టారు. 1987 ప్రాంతంలో, మీ ఓటీడీఆర్ పట్టుకోలేనంత దగ్గర దగ్గరగా ఉన్న లోపాలను ఫైబర్ పరికరాల్లో వెతకడానికి ఇంకో పద్ధతి కనిపెట్టారు. మీటర్లు కాదు, మైక్రాన్ల లెక్క. దాన్నే కంటి మీదికి తిప్పితే 1991లో ఓసీటీ (వెలుగుతో కండ పొరల బొమ్మ తీసే పద్ధతి) పుట్టింది, ఎంఐటీలో జేమ్స్ ఫుజిమోటో బృందం చేతిలో. ఇప్పుడు మధుమేహం ఉన్నవాళ్లకి కంటి ఆసుపత్రుల్లో రెటీనా పొరలు చూసేది దీంతోనే. కేబుల్ తెగిన చోటు వెతికే ఆలోచన కండ పొరలు చూసే యంత్రం అయింది.

దీన్ని సూదిలో పెట్టారు కూడా. మెదడులో గడ్డ ఉంటే ముక్క తియ్యడానికి పుర్రెకు చిన్న రంధ్రం చేసి సూది దింపుతారు. దారిలో రక్తనాళం తెగితే ప్రాణం మీదికొస్తుంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ మెక్‌లాఫ్లిన్ బృందం ఆ సూదిలోనే ఓసీటీ పోగును ఇమిడ్చి, పెర్త్‌లో శస్త్రచికిత్సలప్పుడు 11 మంది రోగుల్లో పరీక్షించింది. 2018లో ఫలితాలు ప్రచురించారు. అర మిల్లీమీటరు కన్నా పెద్ద నాళాలను నూటికి 91 సార్లు పట్టుకుంది. అంటే ఆ పోగు గడ్డను కనిపెట్టడానికి కాదు, గడ్డ దగ్గరికి పోయే సూదికి దారి చూపడానికి. బయాప్సీని తీసెయ్యలేదు, దాన్ని కాస్త క్షేమం చేసింది. వీడియోల్లో ఈ ముక్కే ఎగిరిపోతుంది.

స్ప్లైసర్_సమ్మయ్య · సోమవారం రాత్రి 11:31

ఔ మల్ల. గీ ముచ్చట మా పోరగాళ్లకు జెప్పాలె.

అడిలైడ్_అనంతపురం · మంగళవారం ఉదయం 6:10

మా ఊరి పేరు కనపడితే ఊరుకోలేకపోయినా. ఇక్కడిదే ఇంకొకటి ఉంది, 2016లో వచ్చింది. ఎరిక్ షార్ట్‌నర్, ఆయన తోటివాళ్లు చేసినారు. పోగు కొసన ఒక పాలిమర్ పూత, అందులో ఆమ్లత్వాన్ని బట్టి వెలిగే తీరు మారే రంగు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో తీసిన కండకు ఆనిస్తే, అక్కడ పీహెచ్ ఎంతో చెప్తుంది. క్యాన్సర్ కండ మామూలు దానికన్నా కొంచెం పుల్లన. కణితి కణాలు గ్లూకోజును సగంలో వదిలేసి లాక్టిక్ ఆమ్లం చేసి బయటికి తోసేస్తాయి, అందుకని. ఇది ఒట్టో వార్బర్గ్ 1920లలోనే చూసినాడు. నూరేళ్ల నాటి సంగతిని ఇప్పుడు తీగ కొసకు పూసినారన్నమాట.

ఆ పరీక్షలో నూటికి 88 ముక్కలను సరిగ్గా చెప్పింది. అన్నీ బయటికి తీసిన ముక్కలే సుమా. మనిషి ఒంట్లో కాదు. ఆపరేషన్ చేసేటప్పుడు అంచుల్లో ఏమైనా మిగిలిందేమో చూసుకోవాలన్నదే వాళ్ల ఉద్దేశం. నేను ఆ ల్యాబులో పనిచెయ్యను, ఐటీనే. ఒక ఓపెన్ డే నాడు పోయి చూసినా, అంతే.

స్లైడు_కింద · మంగళవారం ఉదయం 8:45

పాథాలజిస్టును, తీసిన ముక్కలను మైక్రోస్కోపు కింద చూసి రోగం తేల్చేదాన్ని. రాత్రంతా వెలుగు గురించి మాట్లాడుకున్నారు, పేషెంటు సంగతి ఎవరూ అడగలేదు.

వంశధార గారూ, అడ్డపొగ తాగేవాళ్ల అంగిట్లో వచ్చే మార్పులను మామూలు పొగతాగేవాళ్ల మచ్చలతో ఒకే గాటన కట్టకూడదు. పైపు తాగేవాళ్ల అంగిలి తెల్లబడితే అది సాధారణంగా మానగానే తగ్గుతుంది, క్యాన్సర్‌గా మారడం అరుదు. అడ్డపొగలో నిప్పే లోపల ఉంటుంది. వేడీ, పొగా రెండూ నేరుగా అంగిటికే. మీ జిల్లా మీదే 1971లో ఒక పెద్ద పరిశోధన పత్రం వచ్చింది, 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లు చూసి రాసినది. నోటి క్యాన్సర్ పాఠాల్లో శ్రీకాకుళం పేరు అలా ప్రపంచమంతా చేరింది. మంచి పేరు కాదు, ఏం చేస్తాం. తెల్లమచ్చలో ఎర్రటి భాగం ఉందన్నారు కదా, నాకు నచ్చనిది ఆ మాటే. ఆలస్యం చెయ్యకండి.

ముక్క తీస్తే పాకుతుందన్న భయం రోజుకి నలుగురైనా నాతో అంటారు. అది ఎక్కడినుంచి వచ్చిందో కూడా తెలుసు. చివరి దశలో వచ్చినవాళ్లకి ముక్క తీస్తారు, తర్వాత నెలల్లో మనిషి పోతాడు, ఊళ్లో మాత్రం "కత్తి పెట్టాకే పోయాడు" అని మిగులుతుంది. నోటి మచ్చ నుంచి మినపగింజంత ముక్క తీసినంత మాత్రాన రోగం ముదురుతుందనడానికి ఆధారం లేదు. మత్తు సూది పన్ను పీకించుకున్నప్పుడు ఇచ్చేదే.

లెక్కల_పంతులు · మంగళవారం ఉదయం 10:05

నేను రిటైరైన లెక్కల మాస్టారిని. డాక్టరమ్మగారు అనుమతిస్తే ఒక చిన్న లెక్క. ఊరికే అనుకుందాం: ఒక తీగ ఉంది, రోగం ఉన్నవాళ్లలో నూటికి 93 మందిని పడుతుంది, లేనివాళ్లలో 91 మందిని వదిలేస్తుంది. వినడానికి డిస్టింక్షన్ మార్కులే. ఇప్పుడు ఊళ్లో వెయ్యిమందికి పెట్టండి, అందులో నిజంగా రోగమున్నది ఒక్కరికే. ఆ ఒక్కరినీ దాదాపు పడుతుంది. మిగిలిన 999 మందిలో నూటికి 9 చొప్పున, సుమారు 90 మందికి "ఉంది" అని అబద్ధం చెబుతుంది. 91 మంది ఏడుస్తూ వస్తారు, ఒక్కరి ఏడుపే నిజం. మిగతా 90 మందికీ లేదని తేల్చాలంటే ఏం చెయ్యాలి? ముక్కే తియ్యాలి.

గాజుపోగు · మంగళవారం ఉదయం 11:30

మాస్టారూ, మీరు ఊరికే అనుకున్న ఆ రెండు అంకెలూ నిజంగా ఒక పత్రంలోవి. మీకు తెలిసే వేశారని నా అనుమానం!

2015, మాంట్రియల్. కెవిన్ పెట్రెక్కా మెదడు సర్జన్, ఫ్రెడరిక్ లెబ్లాండ్ భౌతికశాస్త్రజ్ఞుడు. రామన్ ప్రోబ్‌తో (వెలుగు రంగు మారిన తీరును బట్టి అణువులను గుర్తుపట్టే పోగుతో), 17 మంది రోగుల్లో, గ్లయోమా అనే మెదడు గడ్డకు ఆపరేషన్ జరుగుతుండగానే మెదడుకు ఆనించి చూశారు. సున్నితత్వం (ఉన్నదాన్ని పట్టడం) 93, నిర్దిష్టత (లేనిదాన్ని వదిలెయ్యడం) 91 శాతం. ఒక్కో చోట పట్టిన సమయం సెకను కూడా లేదు. గ్లయోమా అంచు గీత గీసినట్టు ఉండదు, కణాలు మంచి మెదడులోకి వేళ్లలా చొచ్చుకుపోతాయి. ఎమ్మారైలో గానీ మైక్రోస్కోపులో గానీ సర్జన్‌కి కనిపించని ఆ కొసలను అది పట్టుకుంది.

ఇక్కడ మాస్టారి లెక్క తిరగబడుతుంది, చూడండి. వెయ్యిమందిలో ఒకరిని వెతకడం కాదిది. గడ్డ ఉందని ముందే తేలింది, పుర్రె తెరిచే ఉంది, సర్జన్ అంచు దగ్గర చెయ్యి ఆపి "ఇంకా తియ్యనా, వద్దా" అని ఆలోచిస్తున్నాడు. ఆ చోట గడ్డ ఉండే అవకాశం సగానికి సగం. అక్కడ 93, 91 అంటే నిజంగా గొప్ప మార్కులే. సాధనం అదే, అంకెలూ అవే, పెట్టిన చోటును బట్టి వాటి అర్థం మారిపోతుంది.

మన రామన్ 1928లో కలకత్తాలో చూసిన ప్రభావమే ఇది. వెలుగు వెళ్లి అణువుకు తగిలి తిరిగొచ్చేటప్పుడు, ఏ కోటికో ఒక్క ఫోటాన్ రంగు మార్చుకుని వస్తుంది. ఆ మార్పు ఎంతన్నది అణువును బట్టి ఉంటుంది. చిక్కేమిటంటే గాజుకు కూడా తన రామన్ వెలుగు ఉంది. పోగు పొడవునా గాజు చేసే గోలలో కొసన కండ చెప్పే గుసగుస వినపడదు. అందుకని కొస దగ్గరే సన్నటి ఫిల్టర్లు అతికిస్తారు. ఒక ప్రోబ్ ఖరీదులో సగం ఈ తంటాకే పోతుందని మా ల్యాబులో అంటుంటాం.

స్ప్లైసర్_సమ్మయ్య · మంగళవారం మధ్యాహ్నం 1:15

తమ్మీ, మా కాడ కనెక్టర్ మీద ఇంత దుమ్ము వడ్తేనే సిగ్నల్ కరాబైతది. ఆల్కహాల్ ఏసి తుడిస్తే గని రాదు. గా లోపట రక్తం ఉంటది గద? తీగ జర వంగినా లాస్ వస్తది. మల్ల దాన్ని ఉడకబెట్టాలె గద, ఇంకో మనిషికి వెట్టేముందు. పైన ప్లాస్టిక్ పూత కరగదా?

గాజుపోగు · మంగళవారం మధ్యాహ్నం 2:40

మా గైడ్ నన్ను అడిగే ప్రశ్నలు ఇవే, ఇంత మర్యాదగా అడగరు గానీ.

రక్తం పెద్ద శత్రువు. కొస మీద చుక్క పడితే హిమోగ్లోబిన్ వెలుగునంతా మింగేస్తుంది, మంచి కండ కూడా రక్తం నిండిన గడ్డలా కనిపిస్తుంది. ప్రతి కొలతకూ ముందు సెలైన్‌తో కడిగి, ఆ చోటును పీల్చి శుభ్రం చెయ్యాలి. చెయ్యి నొక్కుడు ఇంకో బెడద. గట్టిగా నొక్కితే కింద రక్తం పక్కకు పోతుంది, అంకె మారిపోతుంది. ఒకే సర్జన్ ఒకే చోట రెండుసార్లు ఆనిస్తే రెండు అంకెలు రావడం నేను కళ్లారా చూశాను.

పూత గురించి: మీరు స్ట్రిప్పర్‌తో ఊడదీసే పూత ఆక్రిలేట్. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరికి నిలవదు. వైద్యానికి వాడేవాటికి పాలీఇమైడ్ పూత వేస్తారు, అది 300 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. అప్పుడూ కొసన ఫిల్టర్‌ని అంటించిన జిగురు ఊడిపోవచ్చు. అందుకే చాలామంది ఇథిలీన్ ఆక్సైడ్ వాయువుతో శుద్ధి చేస్తారు, లేదంటే ఒకసారి వాడి పారేసేలా చేస్తారు. పారేసేది అయితే ధర దిగాలి. మా సమస్యలన్నీ చివరికి ధర దగ్గరికే వస్తాయి.

ఒక్క చోట మాత్రం గాజుకు పోటీ లేదు. అయస్కాంతం దాన్ని ఏమీ చెయ్యదు, అందులో కరెంటు ఉండదు. కాలేయంలో గడ్డను లేజర్‌తో కాల్చేటప్పుడు వేడి ఎంతదాకా పాకిందో ఎమ్మారై గదిలోనే కొలవాలంటే లోహపు తీగలు పనికిరావు. పోగు లోపలే సన్నటి గీతల వరస ఒకటి చెక్కుతారు, దాన్ని బ్రాగ్ గ్రేటింగ్ అంటారు. కెనడాలో కెన్ హిల్ 1978లో కనిపెట్టాడు. వేడికి గాజు వెలుగును వంచే గుణం మారి, కొంచెం సాగి కూడా, ఆ గీతలు తిప్పికొట్టే రంగు మారుతుంది, డిగ్రీకి సుమారు పది పికోమీటర్లు. పికోమీటరంటే ఎంతో నన్ను అడగొద్దు పకోడీ, చాలా చిన్నది.

ఉల్లిపాయ_పకోడీ · మంగళవారం మధ్యాహ్నం 2:44

అడగలేదు కదా బాబూ.

స్లైడు_కింద · మంగళవారం సాయంత్రం 5:20

గాజుపోగు తమ్ముడూ, మీ పరికరం నాకు ఎక్కడ కావాలో చెప్పనా? ఆపరేషన్ మధ్యలో సర్జన్లు అంచు ముక్క పంపిస్తారు. దాన్ని గడ్డకట్టించి, పల్చగా కోసి, రంగు వేసి, చూసి చెప్పడానికి ఇరవై ముప్పై నిమిషాలు. పేషెంటు అక్కడ మత్తులోనే ఉంటాడు. నోటి కండ అయితే బాగానే కోయగలను. రొమ్ము అయితే అందులో కొవ్వు సరిగ్గా గడ్డకట్టదు, బ్లేడు కింద నలిగి చిరుగుతుంది. అలాంటి ముక్క చూసి మాటివ్వడానికి నాకు భయమే. పైగా నేను చూసేది అంచులో ఏ రెండు మూడు చోట్లో. సర్జన్ తీగతో అంచంతా తడిమి "ఇదిగో, ఇక్కడ అనుమానం" అని ఆ చోటునే నాకు పంపితే నా పని సగం నయమవుతుంది. నా కుర్చీ పోతుందన్న భయం లేదు. ఎక్కడ కొయ్యాలో చెప్పండి చాలు.

నోటికి సంబంధించి మన దేశంలో జరిగింది ఏదైనా ఉంటే రాయండి. ఈ చర్చ మొదలుపెట్టినాయన అడిగింది అదే కదా.

గాజుపోగు · మంగళవారం రాత్రి 9:15

ఉందండీ. నవీ ముంబయి ఖార్ఘర్‌లో టాటా మెమోరియల్ వారి పరిశోధన కేంద్రం ఆక్ట్రెక్‌లో చిలకపాటి మురళీకృష్ణ గారి బృందం ఏళ్లపాటు చేసింది ఇదే. ఫైబర్ ప్రోబ్‌ను రోగుల బుగ్గ లోపలి పొరకు నేరుగా ఆనించి రామన్ తీశారు. మామూలు పొరలో కొవ్వు పదార్థాల గుర్తులు ఎక్కువ, క్యాన్సర్‌లో ప్రొటీన్ల గుర్తులు ఎక్కువ. నాకు ఇంకా ఆసక్తి కలిగించింది వేరే ఉంది. పొగాకు వాడేవాళ్లలో, కంటికి ఏ మచ్చా లేని చోట కూడా స్పెక్ట్రం పొగాకు తెలియనివాళ్లలా ఉండదు.

అంగిలి దగ్గర మాత్రం నాకో అనుమానం, ఇది పత్రంలోది కాదు, నా సొంతం. బుగ్గ మెత్తన, తడిగా ఉంటుంది. యాభై ఏళ్లు నిప్పు కాగిన అంగిలి తోలులా మందబారి ఉంటుంది, నల్లటి మచ్చలూ ఉంటాయి. ఆ మందపు పొర వెలుగును పైనే చెదరగొట్టేస్తుంది, కింద ఏం జరుగుతోందో కొసకు సరిగా అందదు. బుగ్గ మీద నేర్పిన కంప్యూటర్‌ని తెచ్చి అక్కడ పెడితే తప్పు చెప్పొచ్చు. శ్రీకాకుళం అంగిళ్ల మీద విడిగా నేర్పాలి. నేర్పాలంటే ప్రతి స్పెక్ట్రానికీ పక్కన జవాబు ఉండాలి, ఆ జవాబు రాసేది స్లైడు కింద చూసే మీరే. ముక్క తియ్యనిదే తీగకు చదువు రాదు.

వంశధార_తీరం · బుధవారం ఉదయం 7:30

అందరివీ రెండుసార్లు చదివాను. అర్థమైంది ఒక్కటే, తీగ కోసం తిరిగితే నేను నెల పోగొట్టేద్దును. పెద్దమ్మకి రాత్రి ఫోన్లో చెప్పాను, పన్ను పీకిన సూదే, మినపగింజంతే అని. "మరి ఆ గాజు తీగో?" అంది. దానికింకా చదువు రాలేదు, నీలాంటోళ్ల అంగిళ్లు చూసి నేర్చుకోవాలంట అన్నాను. కాసేపు ఏటీ అనలేదు. తర్వాత, "సదువుకోనోళ్లకి నోరప్పగించడం దేనికి, ఆ డాక్టరుకాడికే ఎల్దాం" అంది.

నిర్వాహకుడు · బుధవారం ఉదయం 9:00

వ్యక్తిగత రిపోర్టుల ఫోటోలు ఇక్కడ పెట్టవద్దని మనవి. చర్చ కొనసాగించండి. నిన్న రాత్రి పసరు మందు ప్రకటన పెట్టిన సభ్యుణ్ణి తొలగించాం.

వంశధార_తీరం · పది రోజుల తర్వాత, శనివారం సాయంత్రం 6:50

రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ ఇంకా కాలేదట. తీవ్రమైన డిస్‌ప్లేసియా అని రాశారు, అంటే కణాలు బాగా దారి తప్పాయి, క్యాన్సర్‌కి ముందు మెట్టు అన్నమాట. ఎర్రగా ఉన్న చోటే తీశారు, అక్కడే దొరికింది. మచ్చంతా తీసెయ్యాలన్నారు, వచ్చే వారం ఆపరేషన్. అంచులు ఎలా చూస్తారని డాక్టరుగారిని అడిగాను. మీరు నేర్పిన మాటే కదా. ఆయన నావైపు ఒక చూపు చూసి, ముక్కలు తీసి పాథాలజీకి పంపుతాం, అనుమానం ఉంటే ఇంకాస్త తీస్తాం అన్నారు.

స్లైడు_కింద · శనివారం రాత్రి 7:15

సరైన సమయానికి వెళ్లారు. అంచుల రిపోర్టు వచ్చాక అర్థం కాకపోతే ఇక్కడ మాటల్లో రాయండి, చెప్తాను. ఆ తర్వాత కూడా ఆమె నోరు మూణ్ణెల్లకోసారి ఎవరో ఒకరు చూస్తూనే ఉండాలి. మిగతా అంగిలి కూడా అదే నిప్పు తిన్నది కదా.

స్ప్లైసర్_సమ్మయ్య · శనివారం రాత్రి 7:40

మంచిగైంది అన్నా. గది సరే, పెద్దమ్మ చుట్ట బంద్ వెట్టిందా లేదా?

వంశధార_తీరం · శనివారం రాత్రి 8:05

అడ్డపొగ మానేసింది. నిప్పు బయటికి పెట్టి అందర్లాగే కాల్చుకోవచ్చా అని డాక్టరుగారినే అడిగింది.

స్లైడు_కింద · శనివారం రాత్రి 8:06

వద్దని చెప్పండి.